అక్కకు దొరకని రెండో సెలవు

అక్క చనిపోయిందన్న కబురు పొద్దున డ్యూటీకి బస్సెక్కుతుండగా వచ్చింది. మధ్యాహ్నానికల్లా మా క్లినిక్ గోడ మీద ఆమె ఫోటో, పూలు, ‘నవ్వుతూ సేవ చేసిన తల్లి’ అన్న మాటలు వెలిశాయి. ఆ పూలు చూస్తే ఒళ్లు మండింది. చల్లారాక రాద్దామనుకున్నాను; చల్లారేలా లేదు.

దోహాలో, అల్ మన్సూరాలో ఇద్దరం ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. ఆమెది భీమవరం వైపు, నాది ఏలూరు. చుట్టరికమేమీ లేదు. నేను ఈ దేశంలో దిగిన రోజు చేపల పులుసు వండిపెట్టి, “తిని పడుకోవే, ఏడిస్తే రేపు ఏడుద్దువుగాని” అన్న సీనియర్ నర్సు. ఆ రోజు నుంచి అక్క.

యాభైకి దగ్గరపడుతుండగా మళ్లీ చదువు మొదలుపెట్టింది. ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ కావడానికి నర్సులు డిగ్రీ మీద చేసే సర్టిఫికెట్ కోర్సు అది. ప్రాక్టీషనరైతే నర్సే రోగిని పరీక్షించి, మందు రాసి, ఒక కుటుంబాన్ని పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా చూసుకోవచ్చు. పప్పు ఉడికేలోపు నన్ను సోఫా మీద పడుకోబెట్టి, పొట్ట మీద వేళ్లతో తడుతూ కాలేయం అంచు వెతికేది. నేను కితకితలకు మెలికలు తిరిగితే, “రోగివి, రోగిలా ఉండు” అని కసిరేది.

“కూర్చోగానే చెప్పేది కాదే, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి చెప్పేదే అసలు బాధ” అనేది.

ఇక్కడ వారం సెలవు శుక్రవారమే, చర్చీ ఆ రోజే. అలా ఒక శుక్రవారం చర్చికి బయల్దేరుతూ తనే గుమ్మం దగ్గర ఆగింది. “ఈమధ్య రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందే. బట్టలు నడుం దగ్గర బిగుస్తున్నాయి.”

చర్చి మానిపించి, అప్పటికప్పుడు టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. అండాశయంలో పుట్టి పొట్టంతా పాకిన క్యాన్సర్.

“అన్నీ తెలిసీ ఎందుకు ఊరుకున్నావు?” అని ఆసుపత్రి వరండాలోనే అరిచాను.

“మేనేజర్ని అడిగానే. ట్రైనింగ్ కోసం వారంలో ఒక రోజు ఇచ్చాడు కదా. స్కాన్‌కి ఇంకో రోజు కావాలంటే, రెండూ కుదరవు సిస్టర్, ఏదో ఒకటి తేల్చుకోండన్నాడు. కోర్సయ్యాక చూపించుకుందాంలే అనుకున్నా.”

కీమో మధ్యలోనే చివరి పరీక్ష రాసి పాసైంది. ప్రాక్టీషనర్‌గా ఒక్క రోగినైనా చూడకుండానే వెళ్లిపోయింది. ఆ మేనేజర్ మీద ఎంత కోపమో ఆమె మీదా అంతే. అందరి పొట్టలూ తడిమిన చెయ్యి తన పొట్ట దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఆగాలి?

సంతాప సభలో మేనేజర్, “ఆమె ఏనాడూ సెలవు అడిగి ఎరగదు” అన్నాడు. నేను లేచాను.

“అడిగింది సార్. మీరే ఇవ్వలేదు.”

ఆ కోర్సులో ఇప్పుడు నేనూ ఉన్నాను. “ట్రైనింగ్ రోజు వేరు, మాకు ఒంట్లో బాగోలేని రోజు వేరు. ఆ మాట ఇక్కడే చెప్పండి” అన్నాను. ఆయన ముఖం మాడ్చుకుని తలూపాడు. తర్వాత వచ్చిన డ్యూటీ చార్టులో రెండూ విడివిడిగా ఉన్నాయి. వెళ్లి థ్యాంక్స్ చెప్పమన్నారు కొందరు. మనిషి చస్తేగాని రాని దానికి థ్యాంక్సేమిటి? చెప్పను.

నిన్న మేం ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచే నిజామాబాద్ పెద్దావిడ షుగర్ చూపించుకోవడానికి వచ్చింది.

“నా సిస్టర్ ఏడుంది బిడ్డా?”

“అక్క పోయింది ఖాలా.”

“ఇంటికి పోయిందా? మంచిగైంది, ఎన్నేండ్లకు పోయిందో. ఎప్పుడొస్తది?”

నేను ఆమె చీటీ తీసుకుని పేరు రాయసాగాను.

“పర్వాలేదు తియ్, ఆగుత” అంటూ ఆమె బుర్ఖా సర్దుకుని, మాత్రల సంచీ పక్క కుర్చీలో పెట్టి, అక్క కూర్చునే గది తలుపుకు ఎదురుగా స్థిమితంగా కూర్చుంది.