నాయిన గొంతు, హార్డ్‌డిస్కు రొద

దిల్‌సుఖ్‌నగర్‌ల కిరాయికున్న ఒక్క అర్ర మాది. ఒక మూలకు నాయిన మంచం, ఇంకో మూలకు నేను టైపింగ్ పని చేసుకునే కంప్యూటర్. దాంట్ల హార్డ్‌డిస్కు పొద్దుందాక గరగర అంటనే ఉండేది. దాంతోని కంప్యూటర్ డబ్బా రేకు సుత వణికేది. ఇంట్ల ఇంకో మనిషి నోరు తెరిచే సందు లేకుండె.

నాయినకు గొంతు ఆపరేషనైంది. రాష్ట్రం కోసం ఉద్యమంల ఒర్రి ఒర్రి గొంతు పోగొట్టుకున్నడని చుట్టాలు అంటరు గని, అదంత ఉత్త ముచ్చట. గొంతుల గడ్డ లేచింది, తీసేసిండ్రు. దవాఖానల డాక్టర్ మాత్రం గట్టిగ చెప్పిండు: మెల్లగనన్న సరే, రోజూ మాట్లాడాలె. మాట్లాడకుంటే ఉన్న గొంతు సుత పోతది.

ఊకుండేతందుకు పుట్టిన మనిషి కాదు మా నాయిన, అందుకని నాకు ఫికర్ లేకుండె. గని ఆయన గుసగుస ఆ రొదల కలిసిపోయేది. "ఏంది నాయినా?" అని నేను, మళ్ల చెప్తే మళ్ల "ఏంది?" అని నేను. ఆఖరికి విసుగొచ్చి మొకం గోడదిక్కు తిప్పుకుండు. చెంచతోని గిలాస మీద కొట్టుడు మొదలువెట్టిండు. నీళ్లకు ఒక దెబ్బ, టీవీకి రెండు. నోరున్న మనిషిని గుడిగంట చేసిన. ఇగ ఈయన మాట్లాడనే మాట్లాడడేమోనని నాకు మస్తు భయమైంది.

ఎవరినన్న అడుగుదామంటే ఆ దినం బంద్. కంప్యూటర్ దుకాణాలన్ని షట్టర్లు దించినయ్. ఇగ నా తెలివే నాకు దిక్కు. నాయిన మఫ్లర్ తీసి హార్డ్‌డిస్కుకు చుట్టి, సందులల్ల దూది కుక్కి, డబ్బా మూత బిగించిన. సప్పుడు మాయం. నా అంత ఇంజినీరు ఎల్‌బీ నగర్ దాక లేదనుకున్న. బిర్యానీకి దమ్ పెట్టినట్టు పెట్టిన్నని అప్పుడు తెల్వలే. కాసేపటికి తెర బిగుసుకపోయింది. మూత తీసి ముట్టుకుంటే వేలు చుర్రుమన్నది. నాయిన మంచం మీదికెల్లి చూసి చెంచ లేపిండు గని, కొట్టకుండనే దించిండు. ఆ చూపు కంటే తిట్లే నయం.

ప్లగ్గు పీకి, చల్లారినంక, హార్డ్‌డిస్కును డబ్బా బయటికి తీసి, మడతపెట్టిన తువ్వాల మీద పెట్టి జర సేపు నడిపించి చూసిన. సప్పుడు చీమంత. మళ్ల రేకుకు ఆనిస్తే గరగర. రొద చేసేది రేకు, పేరు హార్డ్‌డిస్కుది. దాన్ని రేకుకు తాకకుండ వేలాడదీస్తే సరి.

అప్పుడే మేడ మీద ఉండే ఓనరమ్మ దిగొచ్చింది. ఆమెది విజయవాడ దిక్కు. బంద్‌ల మీద నాయినతోని రోజూ కొట్లాడేది ఆమెనే, పొద్దుగాల పెరుగు గిన్నె పంపేదీ ఆమెనే. నేను లంగా నాడాతో కట్టబోతుంటే, "నాడా సాగదమ్మా, లాస్టిక్ వెయ్యి" అని కుట్టుమిషను సొరుగులకెల్లి తెచ్చింది. ఇద్దరం కలిసి, లంగాకు ఎక్కించినట్టే, పిన్నీసుతో డబ్బా రంధ్రాలల్లకెల్లి లాస్టిక్ ఎక్కించినం. నడుమ హార్డ్‌డిస్కు, చుట్టూ గాలి, ముందట చిన్న ఫ్యాన్. స్విచ్ వేస్తే సప్పుడు లేదు. చానసేపటికి ముట్టుకున్నా గోరువెచ్చగనే ఉన్నది.

"నాయినా, ఇగ ఏమన్న మాట్లాడు" అన్న. గోడదిక్కే చూస్తున్నడు.

ఓనరమ్మ నా మొకం చూసి, నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏం చేసుకుంటారు అన్నయ్యగారూ మీ రాష్ట్రం? వచ్చినా పెరుగు మా ఇంటినుంచే రావాలి కదా" అన్నది.

నాయిన ఇటు తిరిగిండు. పెదాలు కదిలినయ్. "మా నీళ్లన్ని మీ పెరుగులనే ఉన్నయ్ చెల్లెమ్మ. గవ్వే అడుగుతున్నం."

గుసగుసే గని, ఒక్క ముక్క పోలే. ఓనరమ్మ పడిపడి నవ్వింది. నాయిన అంతట ఆగుతడా? నా దిక్కు తిరిగి, ఇన్ని దినాలు కడుపుల దాచుకున్నదంత తీసిండు. పప్పుల ఉప్పుండదట. చాయ్ చల్లగ ఇస్తనట. మఫ్లర్ ఆయన తలకు కొన్నదట, మిషనుకు కాదట. అది కాలుతదని చెప్పుదామనుకున్నడట, చెప్తే మాత్రం ఇనేటోళ్లెవరట.

నేను నేల మీద కూలబడి బోరున ఏడ్చిన.

"ఏడిస్తే ఏడువు గని మెల్లగ ఏడువు," అన్నడు నాయిన. "నా మాట నాకే ఇనవడ్తలేదు."