పొగ పడని ఆపరేటర్

సరిహద్దులో ఆర్మీ పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. పదిహేను వేల అడుగుల ఎత్తు. కింది క్యాంపు నుంచి ఆరు గంటల నడక, వీపు మీద ఇరవై రెండు కిలోలు, ఎదురుగాలి. చెట్టు లేదు, గడ్డి లేదు. బూడిదరంగు రాయి, దాని మీద పాత మంచు. బంకరు తలుపు తీస్తే ముందు మనుషులు కనిపించలేదు, పొగ కనిపించింది. ఆ పొగలోంచి హవల్దారు చెయ్యి చాచాడు. చేతిలో సిగరెట్ ప్యాకెట్ ఉంది. అప్పట్లో రమ్మనడమంటే అదే.

ఇప్పుడు తిరుపతిలో మా వీధి పిల్లలకు ఈ సంగతులు చెబితే నమ్మరు. బస్సులో, సినిమా హాల్లో, బ్యాంకులో, ఆసుపత్రి వరండాలో కూడా తాగేవాళ్ళమంటే నవ్వుతారు. నాయుడుపేటలో నా చిన్నప్పటి డాక్టరు ఒక చేత్తో నా గుండె చూస్తూ రెండో చేత్తో సిగరెట్ నుసి రాల్చేవాడు. మా అమ్మ ఆయనకు దండం పెట్టేది. ఆ రోజుల్లో పొగ తాగని మగవాడే వింత.

అలాంటివాడు మా బంకర్లో ఒకడు ఉండేవాడు. రేడియో ఆపరేటర్. పలమనేరు దగ్గర పల్లె. ఇరవై మూడేళ్ళు. నాతో పాటే పైకి వచ్చాడు. అక్కడ తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. నన్ను అన్నా అనేవాడు. రేషన్‌తో వచ్చిన తన సిగరెట్లన్నీ మొదటి రోజే నా చేతిలో పెట్టాడు.

"నాకు పడదన్నా. రొమ్ము పట్టేస్తాది" అన్నాడు.

బంకరు పన్నెండడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. నిటారుగా నిలబడితే తల కొట్టుకుంటుంది. ఆరుగురం. మధ్యలో కిరోసిన్ పొయ్యి. గాలికి గుప్పెడంత రంధ్రం. ఎండ కాసిన రోజుల్లో బయట కూర్చుని తాగేవాళ్ళం కాబట్టి అతనికి పెద్దగా ఇబ్బంది లేకపోయింది.

మూడో వారంలో మంచు తుఫాను పట్టుకుంది. ఉదయం తొమ్మిదికి కింది నుంచి ఆర్డరు వచ్చింది. కాపలా ఉండే సెంట్రీ తప్ప ఎవరూ బయటికి పోకూడదు. తలుపు బిగించాం. ఆరుగురిలో ఐదుగురం తాగేవాళ్ళం. చేతికి పని లేదు. ఒకటి అయిపోతుంటే దాంతోనే ఇంకోటి ముట్టించుకునేవాళ్ళం. ఎదుటి గోడకు తగిలించిన కోట్లు కనిపించేవి కావు.

రెండో రోజుకు ఆపరేటర్‌కి దగ్గు మొదలైంది. మధ్యాహ్నం రొట్టెలు తిన్నాక నా పక్కకు జరిగాడు.

"అన్నా, ఊపిరి ఆడటంలే. ఒక్క పూట ఆపమని హవల్దార్ సాబ్‌కు నువ్వు సెప్పు. అందరికంటే చిన్నోణ్ణి, నేను సెప్తే బాగుండదు."

సరేనన్నాను. నా వేళ్ళ మధ్య కూడా ఒకటి కాలుతోంది. హవల్దారు చెడ్డవాడు కాదు. సరిగా చెబితే వినేవాడే అనుకుంటాను. కానీ అందరి ముందూ ఆ మాట అనడానికి నాకు సిగ్గేసింది. ఈపాటి పొగకే మావాడికి వాళ్ళమ్మ ఒడి గుర్తొస్తోందట అని హిందీలో చెప్పాను. బంకరంతా నవ్వింది. మా వంటవాడు అతని మొహం మీదికి పొగ ఊదాడు. ఆపరేటర్ కూడా నవ్వాడు. హిందీ అతనికి నాకంటే బాగా వచ్చు.

తర్వాత లేచి రేడియో సెట్టూ బ్యాటరీ ఎత్తుకుని తలుపు అవతలికి పోయాడు. అక్కడ కందకం మొదట్లో టార్పాలిన్ కట్టి ఉంది. పైనుంచి మంచు పడదు, పక్క నుంచి కొడుతుంది. ఎందుకక్కడ అని హవల్దారు అడిగితే, సిగ్నల్ బాగా అందుతోందన్నాడు. అబద్ధమని నాకు తెలుసు. ఊరుకున్నాను. గంటకోసారి తలుపు సందులోంచి అతని గొంతు వినిపించేది. "ఆల్ ఓకే. ఓవర్." తర్వాత దగ్గు. పడుకోవడానికి మాత్రం లోపలికి వచ్చేవాడు.

నాలుగో రోజు ఉదయం ఏడున్నర రిపోర్టు వినపడలేదు. నేనే వెళ్ళి చూశాను. రాయికి ఆనుకుని కూర్చున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి పీలిస్తే రొమ్ములో నీళ్ళు మరుగుతున్న చప్పుడు. లోపలికి మోసుకొచ్చాం. మా ఆరుగురిలో ఒకడైన నర్సింగ్ అసిస్టెంట్ అతని వీపుకు చెవి ఆనించి విని, ఊపిరితిత్తుల్లోకి నీరు దిగిందన్నాడు. ఎవరూ చెప్పకుండానే అందరూ సిగరెట్లు ఆర్పేశారు.

సెట్టు దగ్గర నేను కూర్చున్నాను. ఈ గాలిలో హెలికాప్టర్ ఎగరదన్నారు. మోసుకుని దిగడానికి దారి మూసుకుపోయింది. ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండరూ పెట్టాం. ఒకసారి కళ్ళు తెరిచి నా చొక్కా పట్టుకున్నాడు.

"సెట్టు తడవనీబాకన్నా" అన్నాడు.

పదకొండు నలభైకి పోయాడు.

ఎత్తు వల్ల వచ్చే జబ్బు అని కాగితాల్లో రాశారు. అది ఎవరికైనా రావచ్చని తర్వాత పెద్ద డాక్టరూ చెప్పాడు. నిజమే కావచ్చు. ఆ చలిలో కందకంలో ఎందుకు కూర్చున్నాడని మాత్రం ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు. సాయంత్రం నాలుగింటికి హవల్దారు ఒకటి ముట్టించాడు. తర్వాత వంటవాడు. తర్వాత నేను.

ఏడు నెలలకు పోస్టు మీద మా టూర్ అయిపోయింది. వస్తున్నానని అతని నాయనకు ముందే జాబు రాశాను. రేణిగుంటలో రైలు దిగి, ఇంటికి పోకుండా తిరుపతిలో పలమనేరు బస్సెక్కాను. డ్రైవర్ నోట్లో బీడీ. పొగ తాగరాదని రాసిన చోటే ఒక పెద్దాయన చుట్ట కాలుస్తున్నాడు. ముందు సీట్లో ఒకామె చంటిబిడ్డ మొహం మీదికి కొంగు లాక్కుంది. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. దారి పొడుగునా నేను చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను.

ఆయన పట్టుపురుగులు పెంచే రైతు. గోడ వారగా పురుగుల తట్టలు ఖాళీగా పేర్చి ఉన్నాయి. మంచినీళ్ళిచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"మన తెలుగు అన్న ఒకాయన ఉండాడు, బాగా సూసుకుంటాడు అని మావాడు జాబు రాసినాడు. అది నువ్వేనా నాయనా?"

అవునన్నాను. దారిలో కూడబలుక్కున్నవేవీ చెప్పకుండా గ్లాసెత్తి నీళ్ళు తాగాను.

ఆయన లోపలికి పోయి కొత్త సిగరెట్ ప్యాకెట్ తెచ్చాడు. నాకోసమే కొన్నాడట. నేను వద్దన్నాను.

"పురుగులకు పొగ తగిలితే సచ్చిపోతాయి. వాడికీ పడదు. అందుకని ఈ ఇంట్లో ఎవురూ ముట్టించింది లేదు" అన్నాడు. ప్యాకెట్ చించి, "ఇప్పుడు పురుగులూ లేవు, వాడూ లేడు. తాగు నాయనా" అన్నాడు.

అదే నా ఆఖరి సిగరెట్ అని చెప్పుకోవాలని ఉంటుంది. కాదు. ఇంకో పదకొండేళ్ళు తాగాను. మానేసి కూడా చాలా కాలమైంది. కానీ ఆ మధ్యాహ్నం మాత్రం మనసులోంచి పోదు. వాకిట్లో గాలి వీస్తోంది. ఆయన అగ్గిపుల్ల గీసి, ఆరిపోకుండా రెండు అరచేతులూ అడ్డం పెట్టి, ఆ మంటను జాగ్రత్తగా నా మొహం దాకా తెస్తున్నాడు. నేను వంగుతున్నాను.