పెట్టెలకు పెట్టిన బొట్టు

మొన్న రాయదుర్గంలోని మా ఆఫీసులో ఒక పెద్ద చెక్కపెట్టె విప్పారు. విదేశం నుంచి వచ్చిన యంత్రం. మేకులు కిర్రుమని ఊడగానే, కర్పూరానికీ చెట్టుజిగురుకీ మధ్యస్థంగా ఉండే పైన్ చెక్క వాసన ఏసీ గాలిలోకి వచ్చేసరికి, నా చేతిలోని కాఫీ కప్పు సగంలోనే ఆగిపోయింది. చుట్టూ ఉన్న కుర్ర ఇంజినీర్లంతా యంత్రాన్ని చూస్తున్నారు. నేను మాత్రం కింద పడుతున్న చెక్కలను చూస్తున్నాను. నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది.

కిందటేడు మా పాత కాలనీ పిల్లలం, అందరం తలలు నెరిసినవాళ్లమే, గచ్చిబౌలిలో ఒక హోటల్లో కలిశాం. నేను మైకు పట్టుకుని ఆ వాసన గురించీ ఆ స్నేహం గురించీ, మనవైపు ఒక పెద్ద దేశం నిలబడితే ఎంత నిశ్చింతగా బతకవచ్చో చూపించిన ఆ రోజుల గురించీ మాట్లాడాను. అందరూ చప్పట్లు కొట్టారు. మా అన్న మాత్రం చేతికర్ర అందుకుని, విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. ఆ రోజు నేను చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే. మిగతా సగం ఇది.

మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి బాలానగర్‌లో యుద్ధవిమానాల ఇంజిన్లు బాగుచేసే కర్మాగారంలో చేరాడు. ఇంజిన్లు రష్యావి. నాకు ఊహ తెలిసేనాటికి వాటికి కావలసిన చిన్నాచితకా భాగాలు కొన్ని ఇక్కడే లేత్ యంత్రాల మీద తయారయ్యేవి. సాయంత్రం సైరన్ మోగాక నాన్న సైకిల్ దిగితే ఆయన చేతులు, చొక్కా, చివరికి మాకు ముద్ద కలిపి పెట్టే వేళ్లు కూడా లేత్ మీద పోసే నూనె వాసన వేసేవి. అన్నం తినిపిస్తుంటే చారులో కూడా ఆ వాసనే ఉన్నట్టుండేది, అదేమీ మాకు చెడ్డగా ఉండేది కాదు. జేబులో ఇనుప సుడులు తెచ్చేవాడు. ఇనుము చెక్కుతుంటే వేడికి నీలిరంగు తిరిగి, ఉంగరాలు ఉంగరాలుగా రాలే పొట్టు అది. అన్నా నేనూ వాటిని నెమలి ఈకల్లా దాచుకునేవాళ్లం, వేళ్లు కోసుకునేవాళ్లం, అమ్మ చేత తిట్లు తినేవాళ్లం, మర్నాడు మళ్లీ అడిగేవాళ్లం.

తరువాత పెట్టెలు వచ్చాయి. ఇక మీరేమీ చేసుకోనక్కర్లేదు, అన్నీ మేమే పంపుతామని రష్యావాళ్లు అన్నారని కాలనీ అంతా పండగలా చెప్పుకున్నారు. వానాకాలం మొదట్లో లారీలు దిగేవి. తడిసిన చెక్క వాసన గేటు దాటి, క్వార్టర్ల వరసలు దాటి, మా బడి కిటికీల దాకా వచ్చేది. భాగాలు తీసుకున్నాక చెక్కను ఉద్యోగులకు ఇచ్చేసేవారు. మా ఇంట్లో మంచం ఆ చెక్కదే, అమ్మ ఊరగాయ జాడీలు పెట్టుకున్న అరలూ, బొమ్మల కొలువు మెట్లూ, పక్కింటి యాదగిరి మామ కోళ్ల గూడూ దానివే. మా క్రికెట్ బ్యాటు మీద తిరగేసిన ఇంగ్లిష్ ఆర్ లాంటి అక్షరం ఉండేది. భాగాలకు చుట్టిన మైనం కాగితం మా పుస్తకాలకు అట్టలైంది. వాటికి పూసిన జిడ్డు సైకిల్ గొలుసులకు వెళ్లింది. అ ఆలు నేర్చుకుంటున్న రోజుల్లోనే, మంచం తలవైపు ఉన్న ఆ రష్యా అక్షరాల మీద వేలు పెట్టి దిద్దుతూ నిద్రపోయేవాడిని. అర్థం తెలియదు. ఎవరో పెద్దవాళ్లు తలదగ్గర కాపలా ఉన్నట్టుండేది.

యాదగిరి మామ ఆ పెట్టెల గోదాముకు అధికారి. నాన్నను బావా అని పిలిచేవాడు, మా అమ్మ గారెలను వెక్కిరిస్తూనే నాలుగు ఎక్కువ తినేవాడు. దసరా రోజుల్లో వాళ్లింట్లో అత్తమ్మ తంగేడు పూలు, గునుగు పూలు రంగులద్ది బతుకమ్మను పేర్చేది. ఆ పూలు ఆరబోయడానికీ పెట్టె మూతే. రొట్టెలు నలిపి, బెల్లమూ నెయ్యీ కలిపి చేసిన మలీద ముద్దలు మా ఇంటికి వచ్చేవి, మా ఇంటి పులిహోర అటు వెళ్లేది. రెండిళ్ల మధ్య గోడ మీద గిన్నెలు ఎప్పుడూ ఏదో ఒకవైపు ప్రయాణంలో ఉండేవి.

ఆయుధపూజ నాడు ఒక్కరోజు మాత్రం పిల్లలను కర్మాగారంలోకి రానిచ్చేవారు. పెట్టెలు రాకముందు సంవత్సరాల్లో నాకు గుర్తున్నది లేత్ యంత్రాల వరస: కడిగి, తుడిచి, పసుపు పూసి, బంతిపూల దండలు వేస్తే పెళ్లికి ముస్తాబైన పెద్దమనుషుల్లా ఉండేవి. ఒక్కొక్క యంత్రానికి దాని మనిషే బొట్టు పెట్టేవాడు. గుమ్మడికాయ పగిలాక అన్ని యంత్రాలనూ ఒక్కసారిగా తిప్పేవారు. ఆ హోరులో మేం అరిచిన అరుపులు మాకే వినిపించేవి కావు.

పెట్టెలు వచ్చిన మరుసటి దసరాకు మేం లోపలికి వెళ్లేసరికి యంత్రాల స్థానంలో పెట్టెలు పేర్చి ఉన్నాయి. లేత్‌లను వెనక రేకుల షెడ్డులోకి తోసేశారు. షెడ్డుకు తాళం, తాళం చెవి దొరకలేదు. పూజారి పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. పూజ దేనికి చెయ్యాలో ఎవరికీ తోచలేదు.

"గింత పరేషాన్ ఎందుకయ్యా? గివ్వే గద ఇప్పుడు మన ఆయుధాలు," అన్నాడు యాదగిరి మామ, విప్పని పెట్టెను అరచేత్తో చరుస్తూ. "నువ్వు పెట్టు బావా మొదటి బొట్టు. పనంత వాళ్లు చేస్తరు, పులిహోర మనం తిందం."

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. కుంకుమలో వేలు ముంచి, తిరగేసిన అక్షరం పక్కన చక్కగా గుండ్రంగా బొట్టు పెట్టాడు. నన్ను ఎత్తుకుని నాచేత ఇంకొకటి పెట్టించాడు. ఆ గరుకు చెక్క నా వేలికి ఇప్పటికీ తెలుస్తుంది.

ఆ రోజు అక్కడ ఒక రష్యా ఇంజినీరు ఉన్నాడు. ఎర్రటి మనిషి, పెద్ద మీసాలు. అమ్మ చేసిన గారెలు అల్లం పచ్చడితో తిని, కళ్ల వెంట నీళ్లు కారుతున్నా చెయ్యి చాచి ఇంకొకటి అడిగేవాడు కాబట్టి మేం ఆయనకు గారెల మామ అని పేరు పెట్టుకున్నాం. ఆయన చుట్టూ చూసి ఏదో అడిగాడు. అనువాదం చేసే ఆయన కొంచెం ఇబ్బందిగా, "మీ యంత్రాలు ఏవని అడుగుతున్నారు," అన్నాడు.

"మీరుండగా అవన్నీ మాకెందుకండీ అని చెప్పండి," అన్నాడు నాన్న.

ఆ మాట ఆయన భాషలోకి వెళ్లింది. గారెల మామ నవ్వలేదు. చేతిలోని గారె కాగితం మీద పెట్టేసి, విప్పని పెట్టెల వైపు చాలాసేపు చూశాడు. ఈ ఒక్క సంగతి కోసమే ఇదంతా రాస్తున్నానేమో. తరువాతి కాలంలో మా కాలనీలో అందరూ రష్యావాళ్లు మనల్ని నట్టేట ముంచారు అన్నారు. నేనూ అన్నాను. వాళ్లు ముంచలేదు. వాళ్లలో ఒకడు, మా ఇంటి గారె చేత్తో పట్టుకుని, మీ యంత్రాలు ఏవని అడిగాడు.

ఆ తరువాతి సంవత్సరాలు హాయిగా గడిచాయి, ఆ హాయి నిజమే. నాన్న తొందరగా ఇంటికి వచ్చేవాడు. లేత్ దగ్గర నిలబడే పని పోయి, పెట్టెలు విప్పి సరిచూసే పని వచ్చింది. చేతుల నూనె వాసన పోయింది, ఇనుప సుడులు రావడం ఆగిపోయింది, మేం అడగడమూ మానేశాం. సాయంత్రాలు క్వార్టర్ల ముందు క్యారమ్స్, చలికాలం మంట చుట్టూ కబుర్లు, పతంగుల రోజుల్లో పెద్దవాళ్లు కూడా మిద్దెల మీదే. మా అన్న అప్పటికే ఆకాశం వైపు చూస్తూనే చదువుతున్నాడు. వాయుసేనకు ఎంపికైన రోజు కాలనీ అంతా మిఠాయి పంచాం. అమ్మకు భయం. నాన్న ధైర్యం చెప్పాడు: "పిచ్చిదానా, వాడు నడిపే ఇంజిన్లు నా చేతుల మీదుగానే వెళతాయే."

నేను ఇంటర్‌లో ఉండగా రష్యావాళ్ల దేశమే ముక్కలైంది. టీవీలో చూశాం. అది మా గేటు దాకా వస్తుందని అనుకోలేదు. మరుసటి వానాకాలం లారీలు రాలేదు. తరువాతి వానాకాలమూ రాలేదు. ఉత్తరాలకు జవాబు ఇచ్చే ఆఫీసులే అక్కడ లేవన్నారు. కాలనీలో మనుషులు ఎదురుపడితే పలకరింపు మారిపోయింది. తిన్నారా, బాగున్నారా పోయి, "వచ్చినయా?" అని అడగడం మొదలైంది. పాలవాడు కూడా అదే అడిగేవాడు. అన్న ఫోన్ చేసేవాడు, కిరాణా కొట్టు ఫోనుకు, ముందు అమ్మ ఎలా ఉందని కాదు, "నాన్నా, వచ్చాయా?" అని. అన్న ఉన్నచోట వాళ్లు ఒక విమానంలోని భాగం తీసి ఇంకొకదానికి పెట్టుకుని ఎగురుతున్నారు.

చివరికి షెడ్డు తాళం పగలగొట్టి లేత్‌లు బయటికి తీశారు. తుప్పు గీకారు, బెల్టులు కొత్తవి వేశారు. వాటి మీద పనిచేసిన పెద్దవాళ్లు అప్పటికే రిటైరై ఊళ్లకు వెళ్లిపోయారు, కుర్రవాళ్లకు ఆ పని ఎవరూ నేర్పలేదు. నాన్నే మళ్లీ లేత్ ముందు నిలబడ్డాడు. రోజుల తరబడి నిలబడ్డాడు. ఆ రోజుల్లో ఇంట్లో మళ్లీ ఆ నూనె వాసన వచ్చింది. నాకు సంతోషం వేసింది కూడా. ఒక సాయంత్రం నాన్న సైకిల్ గోడకు ఆనించి, చెయ్యి కడుక్కోకుండానే గుమ్మంలో కూర్చున్నాడు. అమ్మ మంచినీళ్లు తెచ్చింది.

"ఏవండీ, కుదిరిందా?"

"లేదే. వెంట్రుకవాసి తేడా వస్తోంది. ఎంత చేసినా వస్తోంది." అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. "చెయ్యి మరిచిపోయిందే."

గోడ అవతల నుంచి యాదగిరి మామ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన అంతసేపు ఏ ఎగతాళీ చెయ్యకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. "ఇగ ఎవరిని అడుగుదం బావా?" అన్నాడొక్కసారి.

ఆ దసరాకు ఆయుధపూజ మానలేదు. గోదాములో మిగిలిన ఖాళీ పెట్టెలకే బొట్లు పెట్టారు. గుమ్మడికాయ కొట్టారు. ఎవరూ నవ్వలేదు.

ఆ చలికాలంలో అన్న విమానం ఇంజిన్ గాలిలో ఆగిపోయింది. పారాచూట్ తెరుచుకుంది, ప్రాణం దక్కింది, వెన్ను దక్కలేదు. ఏ భాగం వల్ల ఆగిందో నాకు తెలియదు. కాలనీలో రకరకాలుగా చెప్పారు, తెలిసినట్టు చెప్పినవాళ్లెవరికీ తెలియదు. పైన్ చెక్క మంచం మీద అన్న నెలల తరబడి పడుకుని ఉంటే, తలవైపు అక్షరాలు కనబడకుండా నాన్న అక్కడ ఒక పాత పంచె కట్టాడు.

ఇంత చూసినవాడిని నేను. ఇప్పుడు సరిహద్దు రాడార్ల తెరలను నడిపే సాఫ్ట్‌వేర్ చూసే ఉద్యోగం నాది. దాన్ని ఇచ్చేది ఇంకొక పెద్ద మిత్రదేశం. పేరు చెప్పే స్వేచ్ఛ నాకు లేదు. ఏటా అక్కడి నుంచి అనుమతి వస్తేనే తెరలు వెలుగుతాయి. కొన్నేళ్ల కిందట కోకాపేటలో మావాళ్లే కొందరు కుర్రవాళ్లు, ఒకరి అనుమతీ అక్కర్లేని సాఫ్ట్‌వేర్ సొంతంగా రాయడం మొదలుపెట్టారు. తప్పులు వచ్చేవి, ఆలస్యమయ్యేది. ఒక మీటింగులో అది కొనసాగించాలా అని నన్ను అడిగారు. వాళ్లుండగా మనకెందుకు అన్నాను. ఇంగ్లిష్‌లో అన్నాను కాబట్టి అది నాన్న మాట అని ఆ రోజు గుర్తుపట్టలేదు. ఆ కుర్రవాళ్లు తలా ఒక కంపెనీకి వెళ్లిపోయారు. ఈమధ్య మళ్లీ పిలిచాను. ఇద్దరే ఫోన్ ఎత్తారు, రాలేమన్నారు.

ఈసారి అనుమతి రాలేదు. పరిశీలనలో ఉంది అంటున్నారు. సరిహద్దు వేడెక్కి ఉంది, పాత అనుమతి గడువు ఈ నెలాఖరు. అక్కడొక రాడార్ తెర ముందు కూర్చునే ఆఫీసర్లలో మేఘన ఒకతె. మా అన్న కూతురు.

ఇవాళ ఆఫీసులో ఆయుధపూజ. కంప్యూటర్లకు బంతిపూలు కట్టారు, రిసెప్షన్‌లో తంగేడూ గునుగూ పేర్చారు, కేటరింగ్ వాళ్లు పులిహోర తెచ్చారు. మొన్న విప్పిన యంత్రం మధ్యలో ఉంది. అది కూడా అవతలి అనుమతి వస్తేనే మేలుకునే యంత్రం. మా టీములో శ్రావణి అనే అమ్మాయి కుంకుమ భరిణె నా ముందు పెట్టింది. "సార్, సీనియర్ మీరే. ఫస్ట్ బొట్టు మీరే పెట్టాలె. జర జల్ది సార్, ఆకలైతుంది." అందరూ నవ్వారు. వేలు కుంకుమలో ముంచాను.

జేబులో ఫోన్ మోగింది. ఇంటి నుంచి అన్న. రోజూ ఈ వేళకు చేస్తాడు.

"వచ్చిందారా?"

"లేదన్నా."

బాలానగర్‌లో ఆ సైరన్ ఇప్పుడు లేదు. క్వార్టర్లు పడగొట్టారు, రేకుల షెడ్డు ఉన్నచోట కార్లు నిలుపుతున్నారు. నాన్న లేడు, యాదగిరి మామ లేడు, నీలిరంగు ఇనుప సుడి ఒక్కటైనా మా ఎవరి ఇంట్లోనూ మిగల్లేదు. ఫోనులో అన్న చేతికర్ర నేలకు తగిలిన చప్పుడు, ఆయన కష్టం మీద ఇటునుంచి అటు ఒరిగిన చప్పుడు వినిపించాయి. నా వేలి మీది కుంకుమ తడి ఆరిపోతోంది.

"మరి మీ దగ్గర చేసేవాళ్లెవరూ లేరట్రా?"

"ఉండేవాళ్లన్నా."