కెనడా మంచుకు సెంబవాంగ్ తుమ్ము

నా చిన్నప్పుడు, సింగపూర్ సెంబవాంగ్‌లోని మా ఫ్లాట్‌లో, పొద్దున్నే కెనడా వాతావరణం చదివి వినిపించడం నా పని...

ఫ్యాక్టరీల దీవి జురాంగ్ ఐలాండ్‌లో ఇంజినీరుగా చేసే నాన్నను మూడు నెలల పని మీద కెనడా ఉత్తరాన ఉన్న ఒక ప్లాంటుకు పంపారు. నేనప్పుడు ప్రైమరీ ఫోర్, అంటే నాలుగో తరగతి. అమ్మ వంటింట్లో పోపు వేస్తుంటే, నేను కంప్యూటర్ ముందు కూర్చుని గట్టిగా చదివేదాన్ని. మైనస్ ఇరవై, మైనస్ ముప్ఫై... ఫ్యాను కింద చెమట తుడుచుకుంటూ ఇద్దరం ఆ అంకెలకు నిట్టూర్చేవాళ్ళం.

ఒక ఆదివారం నాన్న తిరుగు ప్రయాణం. ప్లాంటు నుంచి విమానాశ్రయానికి కారులో అయిదు గంటల దారి. బుధవారం బడిలో నా డాన్సు. ఏమైనా సరే వస్తానని నాకు మాటిచ్చాడు.

ఆ పొద్దున పేజీ నిండా ఎరుపు. మంచు తుఫాను హెచ్చరిక... ఎదురుగా ఏముందో కనిపించదు, రోడ్లు ప్రమాదకరం, తప్పనిసరైతే తప్ప కదలకండి.

"ఏముందే ఇవాళ?" అంది అమ్మ.

"మైనస్ ఇరవై రెండు" అన్నాను. అంతవరకే చదివాను.

అంతలో నాన్న ఫోన్. అక్కడ శనివారం సాయంత్రం. అమ్మ స్పీకర్ పెట్టింది.

"సామాను కారులో పెట్టేశా. ఇక బయల్దేరతా."

నిజం చెబితే డాన్సుకు నాన్న రాడు. చెప్పకపోతే... ఏం చేయాలో తోచక గట్టిగా తుమ్మాను.

మా ఇంట్లో బయల్దేరే వేళ ఎవరు తుమ్మినా కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి గానీ గడప దాటకూడదు. ఫోన్‌లో తుమ్మినా అంతేనని అమ్మ అప్పటికప్పుడు తీర్మానించింది.

"కూర్చోండి. నీళ్ళు తాగండి."

"తుమ్మింది సింగపూర్‌లో కదే."

"పిల్ల మీ పిల్లే కదా. కూర్చోండి."

కుర్చీ లాగిన చప్పుడు వినపడింది. రెండు నిమిషాలాగి ఆయన లేవబోతే మళ్ళీ తుమ్మాను. మూడోసారికి అమ్మ నా మొహంలోకి చూసింది.

"అది దొంగ తుమ్ము. ఏం చేశావ్?"

కంప్యూటర్ వైపు వేలు చూపించాను. అమ్మ వచ్చి చదివింది. ఫోన్ నా ముందుకు జరిపింది.

"నాన్నా, అక్కడ స్టార్మ్ వార్నింగ్ ఉంది... నేనే అమ్మకి చదవలేదు."

అటు నుంచి మళ్ళీ కుర్చీ చప్పుడు.

"నాకు తెలుసమ్మా. ఇక్కడ టీవీలో పొద్దుటి నుంచీ అదే గోల. నీకు మాటిచ్చాను కదాని..."

"డోంట్ కమ్ లా, నాన్నా" అని బడిలో మాట్లాడే సింగపూర్ ఇంగ్లీషులోనే ఏడ్చేశాను.

"తెలుగులో చెప్పవే, సరిగ్గా వినపడాలి" అంది అమ్మ, తనూ ముక్కు తుడుచుకుంటూ.

"ఇవాళ రావద్దు నాన్నా. మెల్లిగా రా."

"సరే. సామాను దింపేస్తా" అన్నాడు. ఆ గొంతులో అంత తేలికదనం నేనెప్పుడూ వినలేదు. గంట తర్వాత ఆ రోడ్డు మూసేశారట... నాన్న వచ్చేసరికి శుక్రవారమైంది. డాన్సు మధ్యలో నేను స్టెప్పు మర్చిపోయి నిలబడిపోవడం ఆయన చూడలేదు. అదొక లాభం.

ఇప్పుడు నాదీ ఊళ్ళు తిరిగే ఉద్యోగమే. ఎక్కడ తుఫాను వచ్చినా ఫోనే మోగి చెబుతుంది. ఇంటికి నేను మెసేజ్ పెట్టేది మాత్రం చేరాకే... "ల్యాండెడ్" అని ఒక్క ముక్క. వద్దనే అవకాశం ఎవరికీ ఇవ్వకుండా వెళ్ళిపోవడం ఎప్పుడు అలవాటైందో తెలియదు.

మీ ప్రయాణాన్ని ఎప్పుడైనా, ఎవరైనా ఆపారా? వాళ్ళ గురించి రాయండి... చదువుతాను.