మా మేనత్త గీయని గీత

నా చిన్నప్పుడు మా మేనత్త బొంబాయిలో ఒక పెద్ద జింఖానా క్లబ్బులో టెన్నిస్ కోర్టుకు రోజూ పొద్దున్నే సున్నంతో గీతలు గీసేది. ఆమె గీసిందని అందరూ నమ్మే ఒక గీత గురించి రెండు చోట్ల రెండు కథలు ఉన్నాయి. జింఖానాలో ముసలి మెంబర్లు, ఒక ఏడాది ఆడవాళ్ల ఫైనల్లో మన దేశపు అమ్మాయి ఓడిపోయింది ఆట రాక కాదు, బంతి గీత మీద పడిన దురదృష్టం వల్ల అంటారు. కామాఠీపురాలో గదికో సంసారం ఉండే మా చాల్‌లో ముసలమ్మలు, మొగుడు చచ్చిన పొద్దున సాబుల కోసం ముగ్గు వేసి వచ్చిన మనిషి అని మా అత్తను తలుచుకుంటారు. రెండు కథలూ ఒకే గీతవి. ఆ గీత మా అత్త గీయలేదు. ఈ మాట చెప్పవలసిన కాలంలో నేను చెప్పలేదు. ఆమె పోయాక చెబుతున్నాను.

మా వాళ్లు పాలమూరు నుంచి మట్టి పనికి వచ్చినవాళ్లు. మా తాతల కాలం నుంచీ మాది అదే గల్లీ, అదే ఖోలీ. ఒక్క గదిలో మేమూ, మా అత్త కుటుంబమూ మధ్యలో చీర అడ్డం కట్టి బతికేవాళ్లం. మామ వర్లిలో మిల్లు కార్మికుడు. మిల్లుల సమ్మె మొదలైన నాటి నుంచి మామ ఇంట్లో కూర్చుని దగ్గడం తప్ప వేరే పని లేకపోయింది. దూది నలుసులు ఊపిరితిత్తుల్లో పేరుకున్నాయని డాక్టరు అన్నాడట. మా నాన్న ఊళ్లో ఉన్న కాస్త చేను చూడటానికి పోయి నెలల తరబడి అక్కడే ఉండేవాడు. మా అత్త చిన్న కూతుర్ని మా అమ్మ చేతిలో పెట్టి ముకాదం వెంట కూలికి వెళ్లేది.

ముకాదం అంటే కూలీలను పనికి తీసుకుపోయే పెద్ద. మా వాడే, పాలమూరు వాడే. పొట్టి మనిషి, పెద్ద మీసం. అందరి కూలిలోనూ తన వాటా కోసుకునేవాడు, నోరు విప్పితే బూతు. ఆడవాళ్లు అతను కనబడితే తల వంచుకుని, అటు తిరగగానే “పీనుగ మీద చిల్లర ఏరుకునేటోడు” అనేవారు. నేను అతన్ని కాకా అని పిలిచేవాణ్ణి గానీ, చూస్తే భయపడేవాణ్ణి.

ఆ జింఖానాలో ఎర్రమట్టి కోర్టులు తయారుచేసింది ముకాదం ముఠాయే. పాత ఇటుకలు తెచ్చి ఆడవాళ్లు కూర్చుని దంచేవారు. ఆ పొడిని పాత చీరలో వేసి జల్లించి, ఎర్రమన్నుతో కలిపి పరిచి, నీళ్లు కొట్టి, రోలరు లాగేవారు. ఆ పైన రోజూ తెల్లవారగానే నీళ్లు చల్లడం, చదును చేయడం, మూలమూలకూ మేకులు గుచ్చి దారం బిగించి, దాని వెంట సున్నం నీళ్లలో ముంచిన కుంచెతో గీత లాగడం. ఈ చివరి పని మా అత్తది. ఆమె చేయి వణికేది కాదు. పనిలో ఉన్నంతసేపూ రవిక మీద మామ పాత చొక్కా తొడుక్కుని, తలకు గుడ్డ చుట్టుకునేది. ఇంటికి వచ్చేముందు ఆ రెండూ అక్కడి సామాన్ల గదిలో మేకుకు తగిలించి వచ్చేది.

ఎర్రటి నేల, పొద్దున్నే నీళ్లు, దాని మీద తెల్ల గీతలు. మా వాళ్ల కళ్లకు అది వాకిలి చల్లి ముగ్గు పెట్టడమే. చాల్ మెట్ల దగ్గర కుళాయి వరసలో నిలబడ్డ ఆడవాళ్లు మా అత్తను ఆటపట్టించేవారు.

“ఏమే, సాబుల వాకిట్ల ముగ్గేసి వస్తున్నవా? మా గడపకు ఎప్పుడేస్తవ్?”

“ముందుగాల మీ గడప ముంగట రోలరు తిప్పుండ్రి. ఏస్త.”

డబ్బు బహుమతి కోసం ఆడే ఆడవాళ్ల పోటీ ఆ జింఖానాలో మొదలైనప్పుడు చాల్‌లో కొన్నాళ్లు అదే నవ్వు. “ఆడుకుంటే కూలిస్తరటనే! మనకు ఇటుకలు దంచినా ఇస్తలేరు” అని ముకాదం వినేలా అనేవారు. మొదటి ఏడాది దేశంలోని అమ్మాయిలే ఎక్కువ, బయటి దేశాల వాళ్లు ఇద్దరో ముగ్గురో. చెక్క బెంచీలు సగం ఖాళీ. రెండో ఏడాది జనం పెరిగారు. మట్టి కోర్టు మీద ఆడటానికి అలవాటుపడ్డ ఆటగత్తెలు యూరప్ నుంచి వచ్చారు. బంతి మట్టి మీద పడితే చిన్న మచ్చ మిగులుతుంది. తగువు వస్తే అంపైరు కుర్చీ దిగివచ్చి ఆ మచ్చ చూసి తీర్పు చెబుతాడు. ఇదంతా మా అత్త ఇంటికి వచ్చి మామకు చెప్పేది. మామ దగ్గుతూ వినేవాడు. సమ్మె మాట కాకుండా ఆ ఇంట్లో వినబడే మాట అదొక్కటే.

మూడో ఏడాది పోటీ మొదలైన రోజు మేనేజరు సాబు కోర్టంతా చూసి, ఈ పోటీ నడిచినన్ని రోజులూ గీతలు ఇట్లాగే ఉంటే, ఫైనల్ అయ్యాక ఈమెను నెలజీతం మీద పక్కా నౌకరుగా పెట్టుకుంటాను, ముకాదం మధ్యలో ఉండడు అన్నాడు. ఒక్క రోజు తప్పినా వేరేవాళ్లను చూసుకుంటాననీ అన్నాడు. అత్త ఆ మాట చెబుతుంటే మామ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మిల్లు మళ్లీ తెరుచుకోదని అప్పటికే అతనికి తెలుసనుకుంటాను.

ఫైనల్‌కు ముందు రోజు సాయంత్రం మామకు ఊపిరి ఆడలేదు. నాగ్‌పాడా దాటి ఉన్న సర్కారు దవాఖానాకు తీసుకుపోయాం, అత్తా నేనూ. మా అమ్మ పిల్లతో ఖోలీలోనే ఉండిపోయింది. తెల్లవారుతుండగా మామ పోయాడు. అత్త గట్టిగా ఏడవలేదు. అతని కళ్లు మూసి, ముక్కు దగ్గర ఒకసారి చేయి పెట్టి చూసుకుని, నా వైపు తిరిగింది.

“బిడ్డా, నువ్వు ఉరికిపోయి ముకాదంకు చెప్పు. నేను రాను. ఇయ్యాల నా చెయ్యి సున్నం ముట్టదు.”

చావు జరిగిన ఇంట్లో పదకొండు రోజులు ముగ్గు పడదు. పక్కా నౌకరీ పోతుందని ఆమెకు తెలుసు. తెలిసే చెప్పింది.

నేను జింఖానాకు వెళ్లేసరికి ముకాదం సామాన్ల గది ముందు బీడీ కాలుస్తున్నాడు. కోర్టుకు నీళ్లు కొట్టి ఉంది. దూరంగా వరండాలో మేనేజరు సాబు చాయ్ తాగుతూ కూర్చున్నాడు. అవతలి కోర్టు దగ్గర మా చాల్ ఆడవాళ్లిద్దరు నీళ్ల బిందెలు మోస్తున్నారు.

“ఏడిదిరా మీ అత్త? పొద్దు నెత్తికెక్కుతుంది. నాకు ఇజ్జత్ తీస్తదా?”

“మామ పోయిండు కాకా. అత్త రాదట.”

అతను బీడీ పారేసి రోలరు పిడి మీద కూర్చుండిపోయాడు. వరండా వైపు చూసి మెల్లగా అడిగాడు. “ఇంకెవలకన్న చెప్పినవా?”

లేదన్నాను.

“చెప్పకు. చుప్ గుండు. లోపలికి దా.”

గదిలో మేకుకు తగిలించి ఉన్న మా అత్త చొక్కా తీసి తొడుక్కున్నాడు. ఇటుక పొడి జల్లించే చీర దులిపి నడుముకు చుట్టి గోచీ పెట్టాడు. తలగుడ్డ చుట్టుకుని దాని కొసను మీసం దాకా లాక్కున్నాడు. ఇంకో రోజైతే నేను పడీపడీ నవ్వేవాణ్ణి. అతను సున్నం బకెట్ నాకిచ్చి, దారం ఉండ చేతిలో పట్టుకుని ఆగాడు.

“నీది ఇంటిపేరు వేరే గదరా? నీకు మైల అంటదు. ఒక కొస నువ్వు పట్టు. మేకులు కొట్టెతందుకు టైం లేదు.”

నేను మూలన కూర్చుని దారం వేలికి చుట్టుకున్నాను. అతను రెండో కొస ఎడమచేత పట్టుకుని వంగి, వరండాకు వీపు పెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ గీత లాగాడు. నాకు దవాఖానాలో మంచం మీది మామ పాదాలు గుర్తొచ్చాయి. ఏడుపు ఆగలేదు. అతను తల ఎత్తకుండానే అన్నాడు.

“ఏడువు, ఏడువు. దారం మాత్రం ఇడువకు.”

విడవలేదు. కానీ ఒక చోట వదులు చేశాను. చేయి ముక్కుకు అడ్డం పెట్టుకున్నప్పుడు దారం సడలింది. అతని కుంచె దాని వెంటే పోయింది. సరిచేసే వేళ లేదు. మేనేజరు సాబు లేచి నిలబడి కోర్టు వైపు చూశాడు, చేయి ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

పని అయ్యాక ముకాదం చొక్కా విప్పుతూ నా భుజం పట్టుకున్నాడు. “ఇది బయటపడితే మీ అత్త నౌక్రీ పోతది, పిల్లను పట్టుకొని ఏడికి పోతదో చూస్కో. నా మీసం గూడ పోతది. సమజైందా?” తల ఊపాను. “పో, మీ అత్త ఒక్కతే ఉంటది.”

మధ్యాహ్నం శవాన్ని చాల్‌కు తెచ్చేసరికి ఆ ఇద్దరు ఆడవాళ్లు మాకన్నా ముందే వచ్చి ఉన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. దూరం నుంచి చొక్కా చూశారు, తలగుడ్డ చూశారు, పక్కన నన్ను చూశారు. “పొద్దుగాల గీతలు గీసుకుంటనే ఉండె కదనే. గప్పటికే పోయిండట! పీనుగను ఆడ ఒదిలి ముగ్గేసొచ్చిందా?” అని ఒకామె అంది. ఏడుపులు ఒక్క క్షణం ఆగాయి. అందరూ మా అత్త వైపు చూశారు. ఆమె నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. నా వేలికి ఇంకా సున్నం ఉంది.

మర్నాడు ముకాదం వచ్చి ఒక మూట గుమ్మంలో పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు. అత్త విప్పి చూసింది. మామ చొక్కా. మోచేతుల దాకా సున్నం. మీద బీడీ వాసన. దాన్ని ఒళ్లో పెట్టుకుని అప్పుడు ఏడ్చింది, గోడలు అదిరేలా. తాను చేసిన పనికి ఇప్పుడు ఏడుస్తోందని చుట్టుపక్కల వాళ్లు అనుకున్నారు. మా అమ్మ కూడా అలాగే అనుకుంది. నిజం తెలిస్తే నౌకరీ పోతుందని అత్త ఆ నింద మోసింది.

ఫైనల్ నేను చూడలేదు. ముకాదం తర్వాత చెప్పాడు. ఆఖరి సెట్‌లో యూరప్ అమ్మాయి కొట్టిన బంతి వెనక గీత దగ్గర పడింది. బయట పడిందని అరిచారు. అంపైరు దిగివచ్చి వంగి చూశాడు. మచ్చ అంచు సున్నానికి తగిలింది, అంటే లోపల పడ్డట్టే. పాయింటు యూరప్ అమ్మాయికే ఇచ్చాడు. ఆ తర్వాత మన అమ్మాయి కోలుకోలేదు. “నీ కొస కాడ గీతకు పొట్టొచ్చింది రా” అన్నాడు ముకాదం. నవ్వబోయి నవ్వలేదు. ఆ అమ్మాయి పేరు పేపర్లో నాలుగు రోజులు కనిపించి తర్వాత కనిపించలేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

అత్తకు పక్కా నౌకరీ దొరికింది. ఆ జీతంతోనే ఆమె కూతురు పెరిగింది, నేను చదువుకున్నాను. పోటీ ఇంకొన్నేళ్లు నడిచింది. తర్వాత మట్టి తవ్వేసి సిమెంటు వేశారు, పోటీ వేరే ఊరికి పోయింది, అక్కడ ఆగిపోయింది. సిమెంటు మీద గీతలు ఒకసారి రంగు వేస్తే ఏళ్లు ఉంటాయి. అత్తను తీసేశారు. అప్పటికి ముకాదం ఊరికి పోయి అక్కడే చనిపోయాడు. చాల్‌లో మాత్రం ఆ పొద్దుటి మాట చావలేదు. బతుకమ్మ రోజుల్లో మిగతా విధవలు చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టేవారు. మా అత్తను ఎవరూ వద్దనలేదు, రమ్మనీ అనలేదు. మెట్ల మీద కూర్చుని చూసేది.

నౌకరీ పోయిన ఏడాది, ఇంకేం భయం, ఇప్పుడు చెబుదాం అత్తా అన్నాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

“చెప్తే ముకాదం ఆడిదాని లెక్క చీర చుట్టుకున్నడని నవ్వుతరు బిడ్డా. చచ్చినోన్ని నవ్వులపాలు జేస్తమా? నన్ను అననీ. నేను బతికే ఉన్న గదా, ఓర్సుకుంట.”

ఆ మాట నాకు సాకైంది. నేను ఆఫీసులో గుమాస్తానయ్యాను, ఊరవతల ఫ్లాటు తీసుకున్నాను, కామాఠీపురా పేరు చెప్పడమే మానేశాను. అత్త వద్దంది కదా అనుకున్నాను. నిజానికి ఆమె అడిగింది ముకాదం పరువు కాపాడమని. నేను కాపాడుకున్నది నా సుఖాన్ని. అత్త పోయిన పదకొండో రోజున ఒక ముసలమ్మ నా పక్కన కూర్చుని, జాలిగానే అంది. “ఎంత రాయి గుండె పెట్టుకొని బతికిందో పాపం. మొగడు పోయిన్నాడు గూడ ముగ్గేసింది.” నేను నోరు తెరిచాను. పంతులు పిలుస్తున్నాడని లేచిపోయాను.

ముకాదం ఆ రోజు నాకు నేర్పింది దయ గురించి. అందరూ అసహ్యించుకునే మనిషి, తన పేరు బయటికి రాకుండా, ఒక ఆడమనిషి కూడును నిలబెట్టాడు. కానీ పేరు లేని ఆ దయ మా అత్త మీద నిందగా పడి, ఆమె పోయేదాకా దిగలేదు. అతను చీర చుట్టుకున్నందుకు నవ్వేవాళ్లుంటే నవ్వనివ్వండి. నాకు ఆ పొద్దున అతనికన్నా మగవాడు కనబడలేదు.

మా ఆవిడ గుమ్మం ముందు ముగ్గు వేస్తున్నప్పుడు ఇప్పటికీ నా చూపుడువేలు దానంతటదే వంగుతుంది, ఏదో చుట్టుకుని ఉన్నట్టు. ఆ కొస నేను ఇన్నేళ్లూ వదులుగానే పట్టుకున్నాను. ఇప్పుడు ఇది రాస్తూ బిగించాను. అవతలి కొస పట్టుకునేవాళ్లు లేరు.