నీళ్ళు కలపని బిస్కెట్లు

పెంటమ్మకు బిస్కెట్లు చెయ్యడం వచ్చు. ఈ సంగతి ఆమె అడిగినవాళ్ళకూ చెప్పేది, అడగనివాళ్ళకూ చెప్పేది. కోదాడ మొత్తంలో ఆ పని తెలిసిన ఆడమనిషి తనొక్కతేనని ఆమె గట్టి నమ్మకం. 1949 నాటి మాట కాబట్టి, అది నిజమే అయి ఉంటుంది.

ఆమె పుట్టింది తిరుమలగిరి దగ్గర ఒక ఊరి మాదిగవాడలో. పదేళ్ళ వయసులోనే మిర్యాలగూడలో ఒక మిషన్ దొరసాని వంటింట్లో గిన్నెలు తోమడానికి చేరింది. తోముతూ తోముతూ పొయ్యి వైపు ఒక కన్ను వేసి ఉంచింది. ఒకనాడు దొరసాని జ్వరంతో పడుకుంటే తానే పిండి కలిపి, కిరసనాయిలు డబ్బాను అడ్డంగా పడుకోబెట్టి, కిందా పైనా నిప్పులు పోసి బిస్కెట్లు కాల్చి పంపింది. దొరసాని తినేసి, ఎవరు చేశారని కూడా అడగలేదు. రోజూ తినేవాటికీ వీటికీ తేడా తెలియలేదంటే ఇంకేం కావాలి అని పెంటమ్మ మురిసిపోయేది.

తర్వాత సూర్యాపేటలో పెళ్ళి, ఇద్దరు బిడ్డలు, వాళ్ళు చేతికందకముందే మొగుడు పోవడం. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు కోదాడలో చిన్నపిల్లల బడి తెరిస్తే ఆయా పనికి వచ్చి చేరింది. మనిషి సన్నగా ఉండేది కానీ గొంతు మాత్రం వీధి చివరిదాకా పోయేది.

బడిలో పన్నెండు మంది పిల్లలు, ఎక్కువమంది గొల్లల ఇళ్ళవాళ్ళు. శాంతకుమారి అనే చిన్నవయసు టీచరు వాళ్ళకు పాటలూ అక్షరాలూ చెప్పేది. పిల్లల ముక్కులు తుడవడం, వాకిలి ఊడవడం, ఏడ్చేవాళ్ళను ఎత్తుకోవడం పెంటమ్మ పని. మూలనున్న నీళ్ళకుండ మాత్రం ముట్టకూడదు. పొద్దున్నే గౌరయ్య అనే ముసలాయన వచ్చి కుండ నింపేవాడు, మళ్ళీ మధ్యాహ్నం వచ్చి పిల్లల దోసిళ్ళలో పోసి పోయేవాడు. పిల్లలకు దూప కూడా ఆయన వచ్చే వేళకే కావాలి మరి. ముక్కు తుడిస్తే లేని అంటు నీళ్ళు పోస్తే ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పగల పండితుడు ఇప్పటికీ పుట్టలేదు.

దసరా తర్వాత పై ఆఫీసరు ఒకాయన బడి చూడ్డానికి వచ్చి, నీళ్ళు పోయలేని ఆయా ఎందుకన్నాడు. నెల తిరిగేలోగా పిల్లలు ఈమె చేతి నీళ్ళు తాగకపోతే వేరే మనిషిని పెడతానని చెప్పి పోయాడు. శాంతకుమారి ఆ మాట చెప్పలేక చెప్పింది. ఇంటి దగ్గర పెంటమ్మ ఇద్దరు బిడ్డలూ ఈ పని మీదనే తింటున్నారు.

"నీళ్ళ సంగతి తర్వాత సూద్దాం టీచరమ్మా. ముందు పిల్లల్ని నేనున్న కాడ ఒక ముద్ద తిననీ. నీళ్ళు దానెనకాలనే పోతయ్," అంది పెంటమ్మ.

ఆ సాయంత్రమే గొల్లల పెద్ద ఈదయ్య ఇంటికి పోయి, వాకిలి బయట నిలబడి పిలిచింది. ఆయన మనవరాలు ఆండాలు ఆ బడిలోనే ఉంది.

"అయ్యా, పండుకు అంటు ఉన్నదా?"

"పండుకేం అంటు?" అన్నాడు ఈదయ్య.

"వెన్నకు?"

"లేదు. ఏందే నీ యవ్వారం?"

"మీ పిల్లలు మీ ఇంటి పిండి, మీ ఇంటి వెన్న తెచ్చుకోని, వాళ్ళ చేతుల్తోనే కలుపుకుంటరు. నేను బిస్కీట్లు కాలుస్త. సుక్క నీళ్ళు పడవ్. బెల్లమైతే నీళ్ళల్ల కరగాలె. పండైతే దాని తీపి దానికే ఉంటది, దాని తడి దానికే ఉంటది."

ఈదయ్య గడ్డం గోక్కుంటూ చాలాసేపు వెతికాడు. ఆమె మాటలో తప్పు దొరకలేదు.

"కానియ్యి. నేనొచ్చి సూస్త," అన్నాడు.

గుట్ట మీద ఊరికే దొరుకుతున్నాయని పెంటమ్మ ముందు సీతాఫలాలతో ఇంట్లో చేసి చూసింది. వేడి తగిలేసరికి ఆ తియ్యటి గుజ్జు చేదెక్కింది. చిన్నకొడుకు నోట్లో పెట్టుకుని గోడ అవతలికి ఉమ్మొచ్చాడు. తప్పు సీతాఫలానిదే తప్ప తనది కాదని తేల్చేసి, బాగా మాగిన అరటిపండ్లు తెమ్మని పిల్లలకు చెప్పింది.

అనుకున్న రోజు పిల్లలు తలో గిన్నెతో వచ్చారు. కొందరు జొన్నపిండి, కొందరు కంట్రోలు దుకాణంలో ఇచ్చిన గోధుమపిండి, అందరూ నిమ్మకాయంత వెన్న. పెంటమ్మ చేతులు వెనక్కి కట్టుకుని మధ్యలో కూర్చుంది.

"ముందు పండు పిసుకుర్రి. గట్లనే. పిండి మీద పొయ్యాలె, నెత్తి మీద కాదు."

అరటిపండు జుట్టులోకి ఎక్కింది, లాగులకు అంటింది. చెప్పడమే తప్ప చెయ్యి పెట్టకుండా కూర్చోవడం ఆమెకు నిప్పుల మీద కూర్చున్నట్టే ఉంది. చివరికి పిల్లలందరూ బిళ్ళలు తట్టి రేకు పళ్ళెంలో పేర్చారు. అప్పుడు ఆండాలు తన ముద్దలో మిగిల్చుకున్న కొంచెం తెచ్చి పెంటమ్మ ఒళ్ళో పెట్టింది.

"ఆయమ్మా, నువ్వొకటి చెయ్యవా?"

వద్దు అనాల్సింది. కానీ ఆ బడిలో చేరాక తనకు తినేది ఒకటి ఇచ్చిన మొదటి మనిషి ఆ అయిదేళ్ళ పిల్ల. పెంటమ్మ వెనక్కి కట్టుకున్న చేతులు ముందుకు తీసింది. చిన్న బిళ్ళ తట్టి, మిగతావాటికి తగలకుండా అంచున పెట్టి, పళ్ళేన్ని నిప్పులు పోసి ఉంచిన కిరసనాయిలు డబ్బాలోకి తోసింది.

ఈదయ్య వచ్చేసరికి అరటిపండూ వెన్నా కాలే వాసన వీధిలోకి పోతోంది. పెంటమ్మ పళ్ళెం బయటికి లాగి, చూసి, కదలకుండా ఉండిపోయింది. వెన్న ఎక్కువైంది. బిళ్ళలన్నీ కరిగి పాకి ఒకదానికొకటి అతుక్కుని, పళ్ళెమంతా ఒకటే రొట్టె అయింది.

"మా ఆండాలుది ఏది?" అన్నాడు ఈదయ్య.

శాంతకుమారి గాభరాగా ఆమె చెవి దగ్గర, "నువ్వు చేసినట్టు చెప్పకు పెంటమ్మా," అంది.

పెంటమ్మకు భయమేసింది. దాంతోపాటు కోపం కూడా వచ్చింది. దొరసాని దగ్గర పేరు లేకుండా చేసింది చాలనిపించింది.

"దీంట్ల ఏది ఎవలదో తెల్వదయ్యా. నాదొకటి సుత ఉన్నది. నా చేత్తోనే తట్టిన. ఆండాలు చెయ్యమన్నది."

ఈదయ్య ముఖం గంటు పెట్టుకున్నాడు. ఏదో అనబోయేలోగా ఆండాలు పళ్ళెం నడిమి నుంచి ఒక ముక్క విరిచి నోట్లో కుక్కుకుంది. ఆ పిల్లను చూసి తక్కిన పదకొండు మందీ పళ్ళెం మీద పడ్డారు. పళ్ళెం ఖాళీ అయింది. ఎవరి పిండి ఎవరి కడుపులోకి పోయిందో ఇక దేవుడే చెప్పాలి.

నోటినిండా కుక్కుకున్న రొట్టె దిగక ఆండాలుకు ఎక్కిళ్ళు మొదలయ్యాయి. కళ్ళు తేలేస్తూ, "దూపైతుంది," అంది. గౌరయ్య వచ్చే వేళ ఇంకా కాలేదు.

పెంటమ్మ మూలకు పోయి, మొదటిసారి ఆ కుండ మూత తీసి చెంబు ముంచింది. ముంచి, ఈదయ్య ఎదుటికి వచ్చి నిలబడింది.

"నువ్వు సూస్తుండంగనే పోస్తనయ్యా. దొంగతనంగ పొయ్య. వద్దంటే ఇప్పుడే అను."

ఈదయ్య మనవరాలి వైపు చూశాడు. మళ్ళీ పెంటమ్మ వైపు చూశాడు.

"పిల్లకు ఎక్కిళ్ళు పెట్టుకోని నన్నడుగుతున్నవా? పొయ్యమ్మా," అన్నాడు.

పెంటమ్మ చెంబు వంచింది. ఆండాలు దోసిలి పట్టి గటగటా తాగింది. వెనకాల మిగతా పిల్లలు తోసుకుంటూ వరసకట్టి దోసిళ్ళు పట్టారు. పెంటమ్మ ఒక్కొక్కరికే పోస్తూ పోయింది. కుండ అడుగంటేదాకా ఈదయ్య అక్కడే నిలబడి చూశాడు.