భూపతి బావ గుండె మంచిదే

మా అక్క బాలలక్ష్మి మొగుడు భూపతి సిద్దిపేట శివారులో తాటిచెట్లు గీసేవాడు. కల్లు గీసేవాడికి కడుపు ఉబ్బితే తాగి చెడగొట్టుకున్నాడనే అంటుంది లోకం. లోకం నోట్లో మన్ను పడ! బావ చుక్క ముట్టేవాడు కాదు. ఎప్పుడో చెట్టు మీంచి పడ్డప్పుడు ఎక్కించిన రక్తంతో అంటిన కామెర్లు లోపలే దాక్కుని, ఏళ్ల తరబడి కాలేయాన్ని తినేశాయి.

తొంభై నాలుగులో కాళ్లు వాచి, కడుపులో నీరు చేరితే నేనే హైదరాబాదు తీసుకుపోయాను. అక్కడి డాక్టరు గుండెకు కూడా పరీక్ష చేయించాడు.

"గుండె మనందరికన్నా ఎక్కువ రక్తం కొడుతోంది" అన్నాడు. బావ ముఖం వెలిగింది.

"సంబరపడకు. కాలేయం చెడితే రక్తనాళాలు వదులైపోతాయి. అడ్డు లేక నీ గుండె ఖాళీ బండిలా ఉరుకుతోంది, అంతే. బరువు పడితే కూలబడుతుంది. చెట్టెక్కొద్దు."

బావ తనకు కావలసిన ముక్క ఏరుకుని మిగతాది ఆ గదిలోనే వదిలేశాడు. తిరుగు బస్సులోనే మొదలుపెట్టాడు.

"ఇన్నవా బామ్మర్దీ? నా గుండె డాక్టరు గుండెకన్నా గట్టిదట."

"ఎనక చెప్పింది ఇనలేదా బావా?" అంటే కిటికీ వైపు తిరిగాడు.

ఆయన బాధ నాకు తెలియంది కాదు. తాటిచెట్టు సెలవివ్వదు. పూటపూటకూ గెల చెక్కకపోతే కోత ఎండి కల్లు ఆగిపోతుంది. పైగా కల్లు గీసే మా గౌండ్ల కులంలో ఒక కట్టుబాటుంది. ఒకడి చెట్టు ఇంకొకడు ఎక్కాలంటే, ఆ చెట్టువాడే నోరు తెరిచి 'ఎక్కు' అనాలి. అన్నాక ఆ వరుస చెట్లేవీ మళ్లీ అతనివి కావు. ఎక్కితే ప్రాణం పోతుంది, ఎక్కమంటే చెట్లు పోతాయి. బావ ప్రాణాన్నే పందెం పెట్టాడు.

ఎండాకాలం, ఒక పొద్దున. నేను వద్దంటూ వెంటపడుతుండగానే ఎక్కాడు. సగం మానులో ఆగిపోయాడు. నడుమునీ చెట్టునీ కలిపి కట్టిన మోకు పట్టుకుంది కాబట్టి పడలేదు. పైకి పోలేడు, కిందికి దిగలేడు. పెదవులు నల్లబడ్డాయి. నేనా, సైకిలు షాపువాణ్ణి, చెట్టెక్కడం రానివాణ్ణి. గొంతు చించుకుని కేకలేశాను.

పక్క వరుస గీసే దత్తాత్రి తన మోకు పట్టుకుని ఉరికొచ్చాడు. వచ్చినవాడు చెట్టు మొదట్లో ఆగి, పైనున్న బావను చూశాడు.

"అన్నా, ఎక్కమను. ఒక్క మాట."

"నీ కట్టుబాటు కాల! మనిషి పోతుంటే మాటేందిరా?" అని వాడి చొక్కా పట్టుకున్నాను.

"రేపు 'నా చెట్లు గుంజుకున్నడు' అని అన్ననే అంటడు. అడుగు, అనడేమో!"

పైనుంచి బావ గొంతు సన్నగా వచ్చింది. "దమ్ము తీసుకుంటున్న. దిగుత."

ఎంతసేపైనా దిగలేదు. ఒక కాలు కిందికి జరపబోయి, మానును కరుచుకుని కళ్లు మూసుకున్నాడు.

ఇంతలో కేకలు విని అక్క వచ్చింది. పైకి చూసింది, మోకుతో కిందే నిలబడ్డ దత్తాత్రిని చూసింది. కొంగు నడుముకు బిగించి మానును కావలించుకుంది.

"నువ్వు అనకపోతే నేనే ఎక్కుత."

జారింది. మళ్లీ పట్టుకుంది. మోచేతులు చెక్కుకుపోయి నెత్తురు కారుతున్నా వదల్లేదు. నేను లాగబోతే కసిరింది.

"బాలీ, ఆగు!" అని అరిచి బావ ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూడడం అదే మొదలు.

"ఎక్కు తమ్మీ" అన్నాడు.

దత్తాత్రి ఎక్కి, తాడేసి, మెల్లగా దించాడు. బావ బతికాడు. ఆ రోజునుంచీ వాకిట్లో మంచం మీదే ఉన్నాడు. ఎవరు పలకరించినా "గుండె మంచిగనే ఉన్నది" అనేవాడు. వాళ్లు కల్లు సంగతి ఎత్తితే గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఒక సాయంత్రం అక్క ఆయన వాచిన కాళ్లు ఒత్తుతోంది.

"నీ మీద కోపం పోతలేదే బాలీ" అన్నాడు బావ. "ఆడనే ఇడిసిపెడితే అయిపోవు."

"పోకుంటె మాయె" అంది అక్క. "కోపం చేసుకోనీకన్న ఉన్నవు గద."

ఉప్పులేని జొన్న గట్క గిన్నె ఆయన ముందుకు జరిపింది. బావ తినలేదు, పక్కకు నెట్టనూ లేదు.